తప్పుల పిన్ని మిడిల్ కోర్సు

కొండలెక్కడం నేర్పే ఆ బడిలో అందరికీ పని సరిగ్గా చేసినందుకు జీతమిస్తారు. పిన్నికి మాత్రం తప్పులు చేసినందుకు కూడా ఇస్తారు. వేళాకోళం కాదు, ఉన్నమాటే చెబుతున్నాను.

పేరుకి ఆమె సామాన్ల గది మనిషి. వచ్చినవాళ్ళ పాదం చూసి బూట్లివ్వడం, తల చూసి హెల్మెట్లివ్వడం, తాళ్ళు మూరమూరా తడిమి ఎక్కడైనా పీచు లేచిందేమో చూడడం, కోర్సు అయిపోయాక అన్నీ తిరిగి తీసుకుని కడిగి ఆరబెట్టడం ఆమె పని. గది గోడల నిండా మేకులు, మేకుల నిండా తాళ్ళు, మూలల్లో బూట్లు, గదంతా బూట్ల వాసన. కొత్తవాళ్ళెవరైనా ముక్కు మూసుకుంటే ఆమెకి ఒళ్ళు మండుతుంది. “మీ కాళ్ళ వాసనే నాయనా, నాదేం కాదు” అని మొహం మీదే అనేస్తుంది. ఆమె కంటే పెద్దవాడైన పెద్దసారు దగ్గర్నుంచి నిన్న వచ్చి ఇవాళ బూట్లు తీసుకున్నవాడి దాకా అందరూ ఆమెను పిన్నీ అనే పిలుస్తారు. వెనకాల తప్పుల పిన్ని అంటారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

ఆ పేరెలా వచ్చిందో చెప్పాలంటే ముందు కోర్సుల సంగతి చెప్పాలి. అక్కడ కోర్సులు మూడు. బేసిక్‌కి ఎవరైనా రావచ్చు. ముడులు వేయడం, బరువుతో నడవడం, చిన్న బండలు ఎక్కి దిగడం నేర్పుతారు. మిడిల్‌లో ఎత్తు బండలు, తాడు పట్టుకుని నిట్టనిలువుగా దిగడం, పక్కవాడి ప్రాణం మన చేతిలో ఉన్నప్పుడు ఎలా మసలుకోవాలన్నది. అడ్వాన్స్ అంతా పైన, మంచులో. అది పాసైనవాడు నలుగురిని వెంటేసుకుని కొండమీదికి వెళ్ళవచ్చు. బేసిక్ వాళ్ళు బిక్కుబిక్కుమంటూ వస్తారని, అడ్వాన్స్ వాళ్ళు కళ్ళు నెత్తికెక్కించుకుని వస్తారని, మిడిల్ వాళ్ళతోనే కాస్త మాట్లాడ్డానికి వీలవుతుందని పిన్ని అభిప్రాయం.

అడ్వాన్స్ చివర్లో ఒక పరీక్ష ఉంటుంది. ఒక్కొక్కడికీ ఏమీ రాని మనిషినొకణ్ణి అప్పగించి, “ఈయన్ని ఆ పెద్దబండ ఎక్కించి దించు” అంటారు. ఆ ఏమీ రాని మనిషి కావాలని తప్పులు చేస్తుంటాడు. పరీక్షకొచ్చినవాడు వాటిని పట్టుకోవాలి. అక్కడ దాన్ని తప్పులు పెట్టడం అంటారు. పైనుంచి ఇంకో తాడు కనపడకుండా కట్టే ఉంటుంది కాబట్టి ప్రాణానికి భయం లేదు. ఒక ఏడాది ఆ తప్పులు పెట్టాల్సిన మాస్టరు జ్వరంతో పడుకుంటే, పెద్దసారు సామాన్ల గది గుమ్మంలోకొచ్చి, “పిన్నీ, కాస్త నువ్వొచ్చి నుంచోవా” అన్నాడు. ఆమె వెళ్ళి నుంచుంది. అంతే, ఆనాటి నుంచి ఆ పని ఆమె నెత్తిన పడింది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ పనిలో ఆమెకి సాటి లేదు. హెల్మెట్ వెనకది ముందుకి పెట్టుకోవడం, లేసులు వదిలేయడం లాంటి మోటు తప్పులు ముందు వరసలో పెడుతుంది. అవి దొరకగానే పరీక్షకొచ్చినవాడి మొహం వెలిగిపోతుంది. ఇంక అన్నీ పట్టేశాననుకుంటాడు. అసలువి అప్పుడు మొదలవుతాయి. నడుము పట్టీ కొసని బకిల్‌లోంచి ఒకసారే పోనిచ్చి, మళ్ళీ వెనక్కి పోనివ్వకుండా చొక్కా కింద దాచేస్తుంది. ఇనుప కొక్కేనికి నోరుంటుంది, ఆ నోటికి ఒక మర ఉంటుంది, మర తిప్పి బిగిస్తేనే నోరు మూతపడినట్టు. ఆమె మరని అర చుట్టు తక్కువగా వదిలేసి దానిమీద చెయ్యేసుకుని కబుర్లు చెబుతుంది. అన్నింటికంటే పెద్ద తప్పు చివర్లో పెడుతుంది. మాట్లాడ్డం ఆపేస్తుంది. అంత వాగుడుకాయ ఉన్నట్టుండి అడిగినదానికల్లా “ఊఁ, బాగానే ఉన్నా” అంటోందంటే మనిషి చలికో అలసటకో డీలా పడిపోతోందని గ్రహించాలి. చాలామంది గ్రహించరు. అబ్బ, కాసేపు చెవులకి విశ్రాంతి దొరికిందని సంతోషిస్తారు. అక్కడ ఫెయిలైపోతారు.

పరీక్ష అయ్యాక వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆమె అన్నీ విప్పి చెబుతుంది. “ఇది పెట్టాను, పట్టుకున్నావు. ఇది పెట్టాను, చూశావు గానీ అనుమానపడి ఊరుకున్నావు. ఇది నీ కంటికే ఆనలేదు.” ఒక్కటి కూడా దాచదు. దాస్తే వాడు దాన్ని కొండమీదికి మోసుకుపోతాడని ఆమె భయం.

ఇంత చేసే ఆ మనిషి తాను పాసయింది బేసిక్ ఒక్కటే. బడి వ్యాను నడిపే అతన్ని పెళ్ళి చేసుకుని వచ్చిన కొత్తలో, పనివాళ్ళంతా బేసిక్ చేయాలని రూలుంటే చేసింది. మిడిల్ చేద్దామనుకునేసరికి కడుపుతో ఉంది. ఆ తర్వాత పిల్ల, పిల్ల చదువు, సామాన్ల గది. ఏళ్ళు ఎటు పోయాయో తెలియలేదు.

ఆ పిల్ల తాళ్ళ చుట్టల మీద నిద్రపోతూ పెరిగింది. మూడు కోర్సులూ చకచకా పాసై ఆ బడిలోనే మాస్టరైంది. ఏడాదిలో సగం రోజులు పై క్యాంపులో ఉంటుంది. పై క్యాంపంటే రాతి గుమ్మం అవతల, మంచు మొదలయ్యేచోట కట్టిన చెక్క గదుల వరస. రెండు బండల మధ్య సందునే అక్కడ రాతి గుమ్మం అంటారు. మిడిల్ పాసవనివాళ్ళు దాన్ని సొంతంగా దాటకూడదు. అదీ రూలు. ఫోన్ కూడా అక్కడ మబ్బు లేనప్పుడే పలుకుతుంది. పలికినా కూతురు “బాగున్నానమ్మా, తిన్నానమ్మా, ఉంటానమ్మా” అని మూడు ముక్కల్లో తేల్చేస్తుంది.

పిన్ని మనసులో ఉన్నదల్లా ఒకటే కోరిక. పిల్ల ఉండే చోటు ఒకసారి కళ్ళారా చూడాలి. ఎలాంటి గదిలో పడుకుంటుందో, కిటికీలోంచి ఏం కనిపిస్తుందో చూడాలి. అక్కడికి వెళ్ళిన ప్రతివాడికీ బూట్లిచ్చింది ఆమె. వెళ్ళంది ఆమె ఒక్కతే.

కూతురు ఎన్నోసార్లు అంది, “నేను తీసుకెళ్తా రామ్మా” అని. కోర్సు లేనివాళ్ళని తీసుకెళ్ళే పద్ధతి ఉంది. ముందొకరు, వెనకొకరు, మధ్యలో వీళ్ళని తాడుకి కట్టి నడిపిస్తారు. అలా వెళ్ళేవాళ్ళని బడిలో మూట అంటారు. ఆ మాట వింటేనే పిన్నికి ముక్కుపుటాలు అదురుతాయి. “అందరికీ తాళ్ళిచ్చేదాన్ని, నేను మూటనై రానా? వస్తే నా కాళ్ళమీద నేనొస్తా” అని కూతురి నోరు మూయించేది.

వచ్చే ఏడు వయసు గీత దాటిపోతుందని, ఇక మిడిల్‌కి తీసుకోరని తెలిశాక ఆమె ఆగలేకపోయింది. పెద్దసారు గదికి వెళ్ళి నుంచుంది.

“ఇప్పుడు నీకెందుకు పిన్నీ ఈ తంటా?” అన్నాడాయన.

“ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ లేదు కాబట్టి.”

“ఈసారి మిడిల్ నేర్పేది నీ కూతురే. ఇంకో మాస్టరు కాలికి కట్టు కట్టించుకుని కూర్చున్నాడు.”

“అయితే?”

“అయితే ఏముంది, నీ పని అయిపోయినట్టే. అందరికంటే నిన్నే ఎక్కువ పిండుతుంది.”

“నేను కన్న పిల్లేగా, పిండనీ” అంది పిన్ని.

కోర్సు మొదలైంది. కుర్రకారు మధ్య జుట్టు సగం నెరిసిన పిన్ని, తన చేత్తో తనకే బూట్లిచ్చుకుని వచ్చి నుంచుంది. కూతురు మిగతావాళ్ళతో ఎలా మాట్లాడుతుందో ఆమెతోనూ అలాగే మాట్లాడింది. పనిలో ఉన్నంతసేపూ ఆ పిల్ల కూడా పిన్నీ అనే పిలుస్తుంది. పిన్నికి జతగా పడింది మందుల షాపు నడుపుకునే ఓ ముప్పై ఏళ్ళ మనిషి. పిన్నీ, మాస్టరూ తల్లీకూతుళ్ళని కొన్నాళ్ళదాకా అతనికి తెలియనే తెలియదు. తెలియక, “మాస్టరుగారికి ఇంత కోపమేంటండీ, వాళ్ళమ్మగారు ఎలా వేగేదో” అని పిన్నితోనే అన్నాడు. “ఏం వేగుతుంది పాపం, వేగి వేగి ఇదిగో ఇలా అయ్యింది” అంది పిన్ని.

ఎక్కడం, దిగడం, బరువులు మోయడం ఆమెకి కష్టం కాలేదు. మోకాళ్ళు మూలిగాయి, ఆమె వాటిని తిట్టింది, అవి ఊరుకున్నాయి. వచ్చిన చిక్కంతా చేతులతోనే. ఇన్నేళ్ళూ తప్పు చేసి చేసి, వేళ్ళకి తప్పే అలవాటైపోయింది. మనసు చెప్పేలోపే పట్టీ కొస ఒకసారి పోయి ఆగిపోతుంది. బొటనవేలు మరని తిప్పుతూ తిప్పుతూ అర చుట్టు ముందే తృప్తి పడిపోతుంది. ఎక్కడ ఆపాలో దానికి ఎవరూ చెప్పక్కర్లేదు మరి.

మొదటి వారంలోనే ఒకసారి మందుల షాపతను ఆమె నడుము పట్టీ లాగి చూసి, కొస వెనక్కి పోలేదని కనిపెట్టాడు. “దొరికిపోయావు పిన్నీ, నాకే పెడతావా?” అని గట్టిగా నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. అది ఆమె పెట్టింది కాదు. అయినా నలుగురూ నవ్వుతుంటే నోట్లోంచి, “శభాష్, కళ్ళున్నాయి నీకు” అన్న మాటే వచ్చింది.

ఆ మాట అన్నందుకు ఆమెకి రెండ్రోజులు అన్నం సహించలేదు. ఇంట్లో మంచం కోడుకి తాడు కట్టి, కొక్కెం తగిలించి, మర తిప్పడం, విప్పడం, మళ్ళీ తిప్పడం. రెండో కొస పట్టుకోమని మొగుణ్ణి కూర్చోబెట్టింది. ఆయన టీవీ చూస్తూ తాడు పట్టుకుని కునికిపాట్లు పడ్డాడు.

“నువ్విలా పట్టుకుంటే కొండమీద నేను పోయినట్టే” అంది.

“కొండమీదికి నేను రావట్లేదుగా. అయినా ఇన్నేళ్ళు పట్టుకునే ఉన్నానుగా, వదిలానా?” అన్నాడాయన కళ్ళు తెరవకుండా. ఆమెకి కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

అలా రోజూ సాధన చేస్తే చేతులు కాస్త దారికొచ్చాయి. తరగతిలో ఇంకెప్పుడూ దొరకలేదు. పాసైతే ఆ వారంలోనే పై క్యాంపుకి వెళ్ళాలని, కూతురి వెనకాలే తన కాళ్ళతో రాతి గుమ్మం దాటాలని, మొగుడికి చెప్పి సంచి కూడా సర్ది పెట్టుకుంది.

పరీక్ష రోజు పొద్దున్నే ఎండ బాగా కాసింది. పెద్దబండ అంచున ఇద్దరిద్దరు చొప్పున నుంచుని తాడు మీద కిందికి దిగాలి. ఎవరి సామాను వాళ్ళు తగిలించుకుని, వాళ్ళే చూసుకుని, “సిద్ధం” అనాలి. అన్నాక జతగాడు మళ్ళీ తడిమి చూస్తాడు. సిద్ధం అన్న తర్వాత ఏదైనా తప్పు బయటపడితే ఇంక ఆ మనిషి ఫెయిలే. అందులో రెండో మాట లేదు.

మందుల షాపతను ముందు సిద్ధమన్నాడు. పిన్ని అతన్ని పైనుంచి కిందిదాకా తడిమింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. తర్వాత తన వంతు. పట్టీ చూసుకుంది, కొస వెనక్కి పోయింది. ముడి చూసుకుంది. కొక్కెం తగిలించింది, మర తిప్పింది. కింద లోయలోంచి గాలి చల్లగా వస్తోంది. పైన రాతి గుమ్మం కనిపిస్తోంది, దాని సందులోంచి తెల్లగా మంచు. ఆమె ఒక్కసారి అటు చూసింది.

“సిద్ధం” అంది.

మందుల షాపతను తడుముకుంటూ వచ్చి కొక్కెం దగ్గర ఆగాడు. మర వేలితో తాకగానే వదులుగా తిరిగింది. అతను తలెత్తి ఆమె మొహంలోకి చూసి, పెదాలు సాగదీసి నవ్వాడు.

“ఇవాళ కూడానా పిన్నీ? పరీక్షలో కూడా వదలవా నన్ను?”

వెనకున్నవాళ్ళు నవ్వారు. ఎవరో, “తప్పుల పిన్ని కదా మరి” అన్నారు. కూతురు నవ్వలేదు. దగ్గరికొచ్చి కొక్కెం చూసింది. మర చూసింది. తర్వాత తల్లి మొహం చూసింది.

“పెట్టిందేనా పిన్నీ?” అని అడిగింది.

ఒక్క మాట చాలు. అవును అంటే సరిపోతుంది, జతగాణ్ణి పరీక్షించడానికి కావాలని పెట్టింది ఆమె లెక్కలోకి రాదు. అందరూ అదే అనుకుంటున్నారు, అడుగుతున్న పిల్ల కూడా అనుకుంటున్నట్టే ఉంది. మొన్న శభాష్ అన్న నోటికి ఇవాళ అవును అనడం ఎంత పని. సంచి ఇంట్లో గుమ్మం పక్కనే ఉంది.

ఆమె మందుల షాపతని వంక చూసింది. అతనింకా నవ్వుతూనే ఉన్నాడు. ఇతనిలా నవ్వుతూనే నేర్చుకుంటాడని ఆమెకి అనిపించింది. వదులు మర కనిపిస్తే భయపడకుండా, ఎవరో వేళాకోళం చేస్తున్నారని నవ్వడం నేర్చుకుంటాడు. రేపు ఇంకెవరి పక్కనో, పైన రెండో తాడు లేనిచోట నుంచుంటాడు.

“కాదు” అంది. “నేను పెట్టింది కాదు. బిగించాననుకున్నా, బిగించలేదు. చూశాననుకున్నా, చూడలేదు.”

నవ్వులు ఆగిపోయాయి. మందుల షాపతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

“ఇంకోటి కూడా చెప్పాలి నీకు” అంది అతనితో. “మొదట్లో నువ్వు పట్టుకున్న పట్టీ ఉంది చూడు, అదీ నేను పెట్టింది కాదు. శభాష్ అన్నాను గానీ, నిజానికి ఆరోజు నన్ను కాపాడావు. సిగ్గుపడి చెప్పలేదు.”

కూతురు అందరితో చెప్పే గొంతుతోనే, “ఫెయిల్” అంది. “మర బిగించుకుని పక్కదారిన దిగు పిన్నీ. తర్వాతవాళ్ళు రండి.”

పిన్ని మర బిగించుకుని పక్కదారిన దిగింది. మొదటి మలుపు తిరిగాక, పైవాళ్ళకి కనపడనని తెలిశాక, ఒక రాయి మీద కూర్చుని ఏడ్చింది. ఆ వయసులో అంత ఏడుపు వస్తుందని ఆమే అనుకోలేదు. ఏడ్చి, మొహం తుడుచుకుని, సామాన్లు తిరిగిచ్చేవాళ్ళు వచ్చే వేళయిందని లేచి వెళ్ళింది.

సాయంత్రం అందరూ బూట్లిచ్చేసి పోయాక కూతురు సామాన్ల గదిలోకొచ్చింది. తలుపు దగ్గరగా వేసి తాళ్ళ చుట్ట మీద కూర్చుంది. పిన్ని హెల్మెట్లు తుడుస్తూనే ఉంది.

“నా మీద కోపంగా ఉందామ్మా?”

“నీ మీదెందుకే కోపం? ఫెయిలైంది నేను.”

“అది నువ్వు పెట్టింది కాదని నాకు చూడగానే తెలిసింది.”

పిన్ని గుడ్డ ఆపింది. “ఎలా తెలిసింది?”

“తప్పు పెట్టినప్పుడల్లా నువ్వు కింది పెదవి కొరుక్కుంటావు. చిన్నప్పట్నుంచీ చూస్తున్నా. ఇవాళ కొరుక్కోలేదు.”

“తెలిసీ మరెందుకడిగావు?”

కూతురు తలొంచుకుంది. కాసేపు వేలితో తాడు పీచు గిల్లుతూ కూర్చుంది.

“నువ్వు అవునంటావని అడిగాను. అంటే పాస్ చేసేద్దామని. నేనే నీకు దారి చూపించానమ్మా. అందరి ముందు, మాస్టరుగా నుంచుని.” తాడు వదిలి తల్లి వంక చూసింది. “నువ్వు పైకి రావాలని నీకొక్కదానికే ఉందనుకున్నావా? ప్రతిసారీ రాతి గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి చూస్తాను నేను.”

ఇన్నేళ్ళుగా ఆ పిల్ల ఎవరికీ ఒక్క మార్కు కూడా ఊరికే వేసి ఎరగదు. పెద్దసారు బంధువొకడు వస్తే వాణ్ణీ ఫెయిల్ చేసిన పిల్ల. అలాంటిది తన కోసం, తన పంతం కోసం, అబద్ధానికి కూడా సిద్ధపడింది. మూటనై రాను, నా కాళ్ళమీద వస్తానని తాను పట్టుబట్టి కూర్చోబట్టే కదా ఇంతదాకా వచ్చింది. ఆమెకి తన మీద తనకే సిగ్గేసింది. హెల్మెట్ పక్కన పెట్టి వచ్చి కూతురి పక్కన తాళ్ళ మీద కూర్చుంది.

“ఎంత పని చేసేదానివే” అంది. తర్వాత, “ఎప్పుడెళ్తున్నావు పైకి?” అంది.

“ఎల్లుండి.”

“నన్నూ కట్టుకెళ్ళు.”

కూతురు తలెత్తింది. “మూటగానా?”

“మూటగానే. ఇంక నాకే పంతాలూ లేవు. వెనక కొస పట్టుకోవడానికి ఎవరున్నారో చూడు.”

వెనక కొస మందుల షాపతనే పట్టుకున్నాడు. అతను పాసయ్యాడు. పొద్దున తాడు కట్టేటప్పుడు పిన్ని పట్టీని, ముడిని, మరని ఒక్కొక్కటీ పట్టి పట్టి చూశాడు. ఈసారి నవ్వలేదు. పిన్నికి అది చూసి ప్రాణం కుదుటపడింది.

రాతి గుమ్మం దాటాక దారి పెద్ద కష్టమేమీ కాదు. బూట్ల కింద కట్టిన ఇనుప ముళ్ళు మంచులో కరకరమని దిగుతుంటే, ముందు తాడు ఎంత లాగితే అంతే నడుస్తూ, పిన్ని దారి పొడవునా మాట్లాడుతూనే ఉంది. ఎండకి మంచు కళ్ళు చెదిరేలా మెరిసింది. మూటగా రావడంలో ఇంత హాయి ఉందని తెలిస్తే ఎప్పుడో వచ్చేదాన్ని కదా అనుకుంది. ఆ మాట పైకి కూడా అనేసింది. మధ్యలో మందుల షాపతను మంచినీళ్ళు తాగమన్నాడు, తాగింది.

కూతురి గది వరసలో చివరిది. చెక్క గోడలు, ఒక మంచం, ఒక బల్ల, చిన్న కిటికీ. కిటికీలోంచి ఎదురుగా కొండ కొస కనిపిస్తోంది. పిన్ని తృప్తిగా నాలుగు గోడలూ చూసింది. బల్ల మీద దుమ్ము వేలితో రాసి చూసి, “ఫరవాలేదు” అంది. మంచం మీద కూర్చుంది. కింద రగ్గు చేతికి తగిలింది.

చేతికి తగలగానే ఆమెకి తెలిసిపోయింది. రగ్గు మధ్యలో నేత పలచబడి, అరచెయ్యి పెడితే అవతలి వేళ్ళు కనిపించేలా ఉంది. మూలన నీలం దారంతో వేసిన గుర్తు ఉంది. ఆ కుట్టు ఆమెదే. ప్రతి ఏటా సీజను చివర్లో పై క్యాంపు రగ్గులన్నీ కిందికొస్తాయి. ఉతికి ఎండబెట్టి వాటిని రెండు దొంతర్లుగా వేరుచేసేది ఆమే. మందంగా ఉన్నవి నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకి. అరిగిపోయినవి, నీలం దారం గుర్తు వేసి, పనిచేసేవాళ్ళకి. “మనవాళ్ళకి చలి అలవాటే కదా సారూ” అని పెద్దసారుతో అన్నది కూడా ఆమే. అలవాటే అనుకుంది. ఎప్పుడూ వచ్చి చూసింది లేదు కదా.

రగ్గు కింద కూతురి మందపాటి కోటు మడతపడి ఉంది, తలగడ దగ్గర చేతి తొడుగులు, మేజోళ్ళు.

“ఇవన్నీ వేసుకుని పడుకుంటావా?”

“అందరం అంతేనమ్మా.”

“ఎన్నేళ్ళబట్టి?”

కూతురు కిటికీ తలుపు సరిచేస్తున్నట్టు అటు తిరిగింది.

“నాకెందుకు చెప్పలేదే?”

“చెబితే, కూతురని మంచి రగ్గు పంపిందంటారు. నీకు మాట వస్తుంది.”

“మరి మిగతావాళ్ళు? వాళ్ళకేం? ఒక్కడైనా అనచ్చుగా, పిన్నీ ఇదేం రగ్గని?”

కూతురు ఇటు తిరిగింది. చెప్పాలా వద్దా అని తటపటాయించి, మెల్లగా చెప్పింది. “నువ్వు ఏ తప్పు చేసినా కావాలనే చేస్తావనుకుంటారమ్మా అందరూ. ఏదో కారణం ఉండే ఉంటుందిలే, పిన్నికి తెలియదా అని ఊరుకున్నారు.”

పిన్ని ఆ రగ్గు ఒళ్ళోకి తీసుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే తుడుచుకోలేదు. తర్వాత లేచింది.

“పక్క గది ఎవరిది?” అంది.

“వంటాయనది.”

“పద. ఆ తర్వాతది కూడా చూపించు.”

వరసలో గదులన్నీ తిరిగింది. ప్రతి గుమ్మంలోనూ ఆగి, లోపలి మనిషిని పిలిచి, మంచం మీది రగ్గు తన చేత్తో పట్టుకుని, అందరికీ ఒకే మాట చెప్పింది.

“ఇది నేను కావాలని చేసింది కాదయ్యా. తెలియక చేశాను.”